42 రికార్డులు పంపితే 63 అందాయి: డ్రైవర్‌కీ యూజర్ ప్రోగ్రామ్‌కీ మధ్య అలైన్‌మెంట్ తేడా, ఒక కేస్ స్టడీ

సెన్సర్ల రీడింగులు తీసుకుని పీసీఐఈ మీదుగా కంప్యూటర్‌లోకి పంపే ఒక డేటా సేకరణ కార్డు, దాని లినక్స్ డ్రైవర్, ఆ డ్రైవర్ నుంచి రీడింగులు చదివే కొలతల ప్రోగ్రామ్. ఈ కేసులో ఉన్నవి ఇంతే. ప్రోగ్రామ్ 32 బిట్లది. అందులో కలిసే కాలిబ్రేషన్ లైబ్రరీ 32 బిట్ల బైనరీగా మాత్రమే దొరుకుతుంది, సోర్సు లేదు. కాబట్టి ప్రోగ్రామ్‌ను 64 బిట్లకి మార్చేద్దాం అనే దారి మొదటే మూసుకుపోయింది. ఆర్మ్64 బోర్డు మీద, 64 బిట్ల కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) కింద ఈ జత ఏ ఇబ్బందీ లేకుండా నడిచేది. ఎక్స్86-64 పీసీ మీదికి, 5.15 కెర్నెల్‌కి మార్చాక గొడవ మొదలైంది. అప్పుడు నన్ను పిలిచారు.

వాళ్లు చెప్పిన లక్షణాలు మూడు. కార్డును సెట్ చేసే ఐఓసీటీఎల్ కాల్ (ప్రోగ్రామ్ డ్రైవర్‌కి కమాండ్ పంపే దారి) ప్రతిసారీ ఎర్రర్ 25తో తిరిగొస్తోంది. అంటే ఈఎన్ఓటీటీవై, ఈ పరికరానికి ఆ కమాండ్ తెలియదని అర్థం. స్థితి అడిగే ఇంకో కాల్ సరైన విలువలే ఇస్తోంది గానీ, ఆ ఫంక్షన్ నుంచి బయటికి రాగానే ప్రోగ్రామ్ స్టాక్ (ఫంక్షన్ల తాత్కాలిక వేరియబుల్స్ ఉండే మెమరీ) పాడైందని చెప్పి చచ్చిపోతోంది. మూడోది అన్నిటికన్నా చికాకైనది. కార్డును వేరే టూల్‌తో సెట్ చేసి, ప్రోగ్రామ్‌తో రీడింగులు మాత్రం చదివిస్తే వచ్చేవన్నీ చెత్త. దానికి తోడు లాగ్‌లో అప్పుడప్పుడూ "అసంపూర్ణ రికార్డు" అనే ఫిర్యాదు.

కొత్త పీసీ, కొత్త స్లాట్ కాబట్టి అందరి చూపూ డీఎంఏ మీదకి, అంటే కార్డు నేరుగా మెమరీలోకి డేటా రాసే పద్ధతి మీదకి పోయింది. అనుమానం సహజమే. కానీ అదే పీసీలో, అదే డ్రైవర్ మీద, 64 బిట్ల డయాగ్నస్టిక్ టూల్ ఒకటి రీడింగుల్ని చక్కగా చూపిస్తోంది. కార్డు, డీఎంఏ, ఇంటరప్టులు అన్నీ దాంతో అనుమానితుల జాబితా నుంచి బయటపడ్డాయి. తేడా ఉన్నది ఒక్కచోటే, చదివేవాడు 32 బిట్లవాడా 64 బిట్లవాడా అన్న దగ్గర.

ప్రతి 4.3 సెకన్లకీ ఒకటి పెరిగే రీడింగ్

చెత్త డేటాను చెత్త అని పక్కన పడేయకుండా కూర్చుని చూడటం ఇక్కడ బాగా పనికొచ్చింది. ప్రోగ్రామ్ చూపే "విలువ" కాలమ్‌ను వరుసగా ప్రింట్ చేస్తే మూడు రికార్డులకొకసారి ఒక క్రమం కనిపించింది. మొదటిది ఒక చిన్న సంఖ్య, దాదాపు 4.3 సెకన్లకొకసారి సరిగ్గా ఒకటి పెరుగుతోంది. రెండోది చాలాసార్లు -14080. మూడోది సున్నా.

4.3 సెకన్లు అనగానే వెలగాల్సిన విషయం ఒకటుంది. 2 పవర్ 32 నానోసెకన్లు అంటే 4.29 సెకన్లు. 64 బిట్ల నానోసెకన్ల గడియారంలో పై సగం సరిగ్గా అంత సేపటికొకసారి ఒకటి పెరుగుతుంది. అంటే ప్రోగ్రామ్ రీడింగ్ అనుకుని చదువుతున్నది టైమ్‌స్టాంప్‌లోని పై 32 బిట్లను. డేటా పాడవలేదు, జరిగింది అంతే.

ఆ రికార్డు స్ట్రక్చర్ ఇలా ఉంది. పక్కన ఉన్నవి ఒక్కో ఆర్కిటెక్చర్‌లో ఆ ఫీల్డు మొదలయ్యే బైట్లు. ఐ386 అంటే 32 బిట్ల ఎక్స్86. యూ16 అంటే గుర్తు లేని 16 బిట్ల పూర్ణాంకం, ఎస్32 అంటే గుర్తున్న 32 బిట్లది.

ఫీల్డు | ఐ386 | ఎక్స్86-64 | 32 బిట్ల ఆర్మ్
చానల్, యూ16 | 0 | 0 | 0
స్థితి, యూ16 | 2 | 2 | 2
సమయం, యూ64 | 4 | 8 | 8
విలువ, ఎస్32 | 12 | 16 | 16
మొత్తం సైజు | 16 | 24 | 24

టైపులన్నీ స్థిరమైన వెడల్పువే. లాంగ్ లేదు, పాయింటర్ లేదు. హెడర్ రాసినవాళ్లు జాగ్రత్తగానే రాశారు, పైపైన చూస్తే తప్పు పట్టడానికేమీ ఉండదు. చిక్కంతా ఐ386 ఏబీఐలో, అంటే డేటాను మెమరీలో ఎలా అమర్చాలో చెప్పే ఒప్పందంలో ఉంది. అక్కడ స్ట్రక్చర్ లోపలి 64 బిట్ల పూర్ణాంకానికి 4 బైట్ల అలైన్‌మెంట్ చాలు, అంటే 4తో భాగమయ్యే స్థానంలో మొదలైతే చాలు. ఎక్స్86-64లో 8 కావాలి. ఆర్మ్ ఈఏబీఐలో 32 బిట్లలో కూడా 8 కావాలి. పాత బోర్డు మీద ఇన్నాళ్లూ బండి నడిచింది అందుకే, అక్కడ ప్రోగ్రామ్ లెక్కా కెర్నెల్ లెక్కా 24 దగ్గరే కలిశాయి. వెడల్పు ఎంతో చెప్పినంత మాత్రాన స్థానం ఎక్కడో చెప్పినట్టు కాదు.

ఇక్కడొక పక్కమాట. ఐ386 మీద యూ64 అలైన్‌మెంట్ ఎంతో తెలుసుకోవాలని జీసీసీ సొంత అలైన్ఆఫ్ ఆపరేటర్‌ను అడిగితే అది 8 అంటుంది. విడిగా ఉండే వేరియబుల్‌కి అది ఎంచుకునే అలైన్‌మెంట్ అదే, స్ట్రక్చర్ లోపల మాత్రం 4. ఈ పనికి నమ్మాల్సింది స్ట్రక్చర్‌లో ఫీల్డు మొదలయ్యే స్థానం చెప్పే ఆఫ్‌సెట్ఆఫ్‌నే.

ఇప్పుడు రీడ్ కాల్ లెక్క చూద్దాం. ప్రోగ్రామ్ 64 రికార్డులకి 16 చొప్పున 1024 బైట్ల బఫర్ ఇస్తుంది. కెర్నెల్ ఆ బఫర్‌లో 24 బైట్ల రికార్డులు ఎన్ని పడతాయో చూసి 42 నింపి, 1008 అని తిరిగి చెబుతుంది. ప్రోగ్రామ్ 1008ని 16తో భాగిస్తే 63, శేషం సున్నా. రికార్డు సగంలో తెగిందా అని చూసే చెక్ ఉండి కూడా అది ఏమీ అనదు. రెండు కెర్నెల్ రికార్డులంటే 48 బైట్లు, ప్రోగ్రామ్ లెక్కలో మూడు రికార్డులు. మూడింటికొకసారి క్రమం తిరిగి రావడం అందువల్లే.

బేసి సంఖ్యలో రికార్డులు వస్తే మాత్రం 16తో భాగించినప్పుడు 8 మిగులుతుంది, లాగ్‌లో ఫిర్యాదు పడుతుంది. సెన్సర్ల జోరు పెరిగినకొద్దీ బఫర్ ప్రతిసారీ నిండి 42 దగ్గర ఆగుతుంది, 42 సరి సంఖ్య కాబట్టి ఫిర్యాదు ఉండదు. లోడ్ పెంచితే ఎర్రర్లు తగ్గిపోవడం చూసి అప్పటిదాకా టీమ్‌లో అందరికీ తల తిరిగింది. దానికి సమాధానం ఈ భాగహారమే.

నిజమైన రీడింగులు ఎటు పోయాయంటే, జతలో మొదటి దాని విలువ ప్రోగ్రామ్ రెండో రికార్డులోని చానల్, స్థితి ఫీల్డుల్లో సగం సగంగా పడింది. రెండోదాని విలువ మూడో రికార్డు టైమ్‌స్టాంప్ పై సగంలో దూరింది. కాగితం మీద రెండు కెర్నెల్ రికార్డుల బైట్లు గీసి, కింద మూడు ప్రోగ్రామ్ రికార్డులు గీస్తే ఇవన్నీ ఐదు నిమిషాల పని.

-14080 ఎక్కడిది

ప్రోగ్రామ్ రెండో రికార్డులోని విలువ కెర్నెల్ రికార్డులో 4వ బైటు నుంచి ఉన్న ఖాళీ మీద పడుతుంది. ఆ ఖాళీలో ఎవరూ ఏమీ రాయలేదు. మరి -14080 ఎలా వచ్చింది?

హెక్స్‌లో అది ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్‌సీ900. ఎక్స్86-64 లినక్స్‌లో నాలుగు స్థాయిల పేజింగ్ ఉండి, చిరునామాల యాదృచ్ఛికీకరణ (కేఏఎస్ఎల్ఆర్) ఆపేసి ఉంటే, కెర్నెల్ సొంత మెమరీలోని వీమాలక్ ప్రాంతం మొదలయ్యే చిరునామాకి పై సగం ఇదే. ఆ పీసీని డీబగ్గింగ్ కోసం కేఏఎస్ఎల్ఆర్ ఆపి బూట్ చేస్తున్నారు. డ్రైవర్ ఇంటరప్ట్‌ను థ్రెడ్‌లో నడుపుతుంది, ఆ థ్రెడ్ స్టాక్ వీమాలక్ ప్రాంతంలోనే ఉంటుంది. రికార్డును స్టాక్ మీద పెట్టుకుని ఒక్కో ఫీల్డు నింపి క్యూలో వేస్తున్నారు. ఫీల్డుల మధ్య ఖాళీలో అంతకుముందు ఆ స్టాక్ మీద మిగిలిన పాయింటర్ ముక్క అలాగే ఉండిపోయి యూజర్ ప్రోగ్రామ్ దాకా వచ్చేసింది.

నా దృష్టిలో ఈ కేసులో అసలు పెద్ద లోపం ఇదే. రీడింగులు తప్పితే ఎవరో ఒకరు గమనిస్తారు. కెర్నెల్ మెమరీ బయటికి కారడాన్ని ఎవరూ గమనించరు, సరైన రీడింగులు చూపిస్తున్న 64 బిట్ల టూల్‌లో కూడా ఆ బైట్లు ప్రతి రికార్డుతో వస్తూనే ఉన్నాయి. ఆర్మ్ బోర్డు మీద కూడా వచ్చే ఉంటాయి. కేఏఎస్ఎల్ఆర్ నడుస్తున్న మెషీన్‌లో ఆ ముక్క దాడి చేసేవాడికి మంచి ఆధారం. మిగతా రిపేర్లన్నిటికన్నా ముందు, ఆ రోజే, రికార్డు నింపే ముందు మెమ్‌సెట్‌తో మొత్తం సున్నా చేయించాను. నింపని మెమరీ వాడకాన్ని కనిపెట్టే కేఎంఎస్ఏఎన్ ఆన్ చేసిన కెర్నెల్ ఇలాంటి లీకుల్ని దానంతటదే పట్టిస్తుంది, కానీ అది 6.1లో గానీ మెయిన్‌లైన్‌లోకి రాలేదు. మా 5.15లో ఆ సదుపాయం లేదు.

కంపాట్ కోడ్ ఉంది, కానీ ఆర్మ్ కోసం రాసినది

ఎర్రర్ 25 సంగతి. ఐఓసీటీఎల్ కమాండ్ నంబర్‌లో స్ట్రక్చర్ సైజు కూడా దాగి ఉంటుంది. ఎక్స్86, ఆర్మ్ రెండింట్లోనూ దానికి 14 బిట్లు కేటాయించారు. సిస్టమ్ కాల్స్ చూపే ఎస్‌ట్రేస్‌తో చూస్తే ప్రోగ్రామ్ పంపే నంబర్‌లో సైజు హెక్స్ 1సీ, అంటే 28. డ్రైవర్‌లో నేటివ్ (64 బిట్ల) నంబర్ సైజు 40.

ఈ తేడా ఉంటుందని డ్రైవర్ రాసినవాళ్లకి తెలుసు. అందుకే 32 బిట్ల ప్రోగ్రామ్‌ల కోసం కంపాట్ ఐఓసీటీఎల్ దారి ముందే రాసి పెట్టారు. అది ఉండటమే అందర్నీ దారి తప్పించింది. "కంపాట్ ఉంది కదా, పాత బోర్డు మీద పనిచేసింది కదా" అని ఎవరూ దాని లోపల చూడలేదు.

స్ట్రక్చర్‌లో వరుసగా యూ32 చానల్, యూ64 మొదలయ్యే సమయం, యూ32 రేటు, యూ16 గెయిన్, యూ8 ఫ్లాగులు, బఫర్ పాయింటర్, యూ32 బఫర్ పొడవు ఉన్నాయి. కంపాట్ రూపంలో పాయింటర్‌ను కంపాట్_యూపీటీఆర్_టీగా సరిగ్గా మార్చారు. సమయాన్ని మాత్రం మామూలు యూ64గానే వదిలేశారు. ఆర్మ్‌లో అది సరైన పనే, 32 బిట్ల ఆర్మ్ ప్రోగ్రామ్ లెక్క 32 బైట్లు, కంపాట్ రూపం 32 బైట్లు. ఎక్స్86-64 మీద కంపైల్ చేసినా కంపాట్ రూపం 32 బైట్లే వస్తుంది, కానీ ఐ386 ప్రోగ్రామ్ 28 పంపుతుంది. నంబర్ కలవదు, 25 వస్తుంది.

దీనికోసమే కెర్నెల్‌లో కంపాట్_యూ64 అనే టైపు ఉంది. ఎక్స్86లో దాని అలైన్‌మెంట్ 4, ఆర్మ్64లో 8. ఒక్క పదం మారిస్తే సైజు 28కి దిగింది, కాల్ పనిచేసింది. నిజం చెప్పాలంటే ఈ లక్షణం మాకు మేలే చేసింది, నంబర్‌లో సైజు ఉండబట్టే తేడా మొదటి కాల్‌లోనే గట్టిగా అరిచింది.

అరవని కాల్ స్థితిది. దాని కమాండ్‌ను సైజు లేని మాక్రోతో నిర్వచించారు. స్ట్రక్చర్‌లో ఒక యూ64, తర్వాత ఒక యూ32, అంతే. ఆఫ్‌సెట్లు అన్నిచోట్లా ఒకటే, విలువలు సరిగ్గా రావడానికి కారణం అదే. కానీ ఎక్స్86-64లో చివర 4 బైట్ల ప్యాడింగ్ (ఖాళీ) కలిసి సైజు 16, ఐ386లో 12. ప్రోగ్రామ్ స్టాక్ మీద 12 బైట్ల చోటు ఇస్తే కెర్నెల్ 16 రాసింది. చివరి నాలుగు బైట్లూ వెళ్లి స్టాక్ కాపలా విలువ మీద పడ్డాయి. ఆ కాపలా లేకుండా కంపైల్ చేసి ఉంటే పక్క వేరియబుల్ ఒకటి మౌనంగా సున్నా అయ్యేది, దాన్ని వెతకడం ఈ కేసుకన్నా చాలా పెద్ద తలనొప్పి అయ్యేది.

ప్యాక్డ్ ఎందుకు వద్దన్నాను

నేను వెళ్లేసరికే ఒకరు రీడింగ్ రికార్డుకి ప్యాక్డ్ ఆట్రిబ్యూట్ పెట్టి చూశారు. 32 బిట్ల ప్రోగ్రామ్ వెంటనే పనిచేసింది. వింతేమీ లేదు, ఖాళీలు తీసేస్తే వచ్చే 16 బైట్ల లేఔట్ ఐ386 లేఔటే. అదే క్షణంలో 64 బిట్ల టూల్ చెడిపోయింది, ఎందుకంటే అది 24 బైట్ల రికార్డుతో ఎప్పుడో కంపైలై వాడుకలో ఉంది. ఆర్మ్ బోర్డుల మీద నడుస్తున్న ప్రోగ్రామ్‌లూ చెడేవి.

ప్యాక్డ్ అసలే వాడకూడదని కాదు. లినక్స్‌లో ఈపోల్_ఈవెంట్ స్ట్రక్చర్ ఎక్స్86-64 మీద ప్యాక్డే. ఐ386లోనూ అక్కడా 12 బైట్లు ఉండాలని కావాలనే అలా పెట్టారు, ఆర్మ్64లో అదే స్ట్రక్చర్ 16 బైట్లు. వాడేవాళ్లు పుట్టకముందే తీసుకోవాల్సిన నిర్ణయమది. బైనరీలు బయటికి వెళ్లిపోయాక లేఔట్ మార్చడమంటే ఒకరిని బాగుచేసి ఇంకొకర్ని పాడుచేయడమే. పైగా ప్యాక్డ్ స్ట్రక్చర్‌లోని ఫీల్డు చిరునామా తీసుకుని మామూలు పాయింటర్‌లా వాడితే, అలైన్ కాని చదువుల్ని ఒప్పుకోని ప్రాసెసర్ల మీద ట్రాప్ అవుతుంది. జీసీసీ 9 నుంచి దీనికి హెచ్చరిక ఇస్తోంది, ఆ హెచ్చరికను నొక్కేసిన బిల్డులు కూడా నేను చూశాను.

కాబట్టి పనిని రెండుగా విడగొట్టాం. ఇప్పటికే ఉన్న బైనరీలన్నీ, 32 అయినా 64 అయినా, అవి కంపైలైన లేఔట్‌తోనే నడవాలి. కొత్త ప్రోగ్రామ్‌ల కోసం ఎక్కడైనా ఒకే రూపంలో ఉండే రెండో వెర్షన్ ఇంటర్‌ఫేస్ రావాలి.

పాతవాటికి ఐఓసీటీఎల్‌లలో కంపాట్_యూ64 సరిపోయింది. స్థితి స్ట్రక్చర్‌కి కూడా కంపాట్ రూపం రాస్తే ఐ386కి 12 బైట్లు, ఆర్మ్‌కి 16 బైట్లు దానంతటవే వచ్చాయి. రీడ్‌కి మాత్రం విడిగా కంపాట్ దారి లేదు, ఫైల్ ఆపరేషన్లలో అలాంటి స్లాట్ ఉండదు. రీడ్ లోపలే ఇన్_కంపాట్_సిస్కాల్ అని అడిగి, 32 బిట్లవాడైతే కంపాట్ రికార్డుగా మార్చి కాపీ చేయాలి. కెర్నెల్‌లోని ఇన్‌పుట్ సబ్‌సిస్టమ్ కీబోర్డు, మౌస్ ఈవెంట్లకి చేసేది ఇదే. ఫైల్ తెరిచినప్పుడే ఎవరు తెరిచారో గుర్తు పెట్టుకుందామని ఒక ప్రతిపాదన వచ్చింది. ఒప్పుకోలేదు. 64 బిట్ల ప్రాసెస్ తెరిచిన డిస్క్రిప్టర్ 32 బిట్ల పిల్ల ప్రాసెస్‌కి వారసత్వంగా పోవచ్చు, కాబట్టి అడగాల్సింది ప్రతి కాల్‌లోనే.

ఈ మార్పుతో పాటు క్యూలో ఉండే రికార్డును బయటికి ఇచ్చే రికార్డు నుంచి విడదీశాం. లోపలిది డ్రైవర్ ఇష్టం. బయటిది ఒప్పందం. రెండూ ఒకే స్ట్రక్చర్‌గా ఉన్నంతకాలం లోపల ఎవరో ఒక ఫీల్డు జరిపితే బయట ఎవరో దెబ్బతింటారు.

రెండో వెర్షన్

రీడింగ్ రికార్డులో ఫీల్డుల వరుస మార్చాం. ముందు యూ64 సమయం, తర్వాత ఎస్32 విలువ, తర్వాత రెండు యూ16లు. మొత్తం 16 బైట్లు, ఎక్కడా ఖాళీ లేదు. ఖాళీయే లేకపోతే దాన్ని సున్నా చేయడం మర్చిపోయే ప్రమాదం కూడా లేదు. పైగా ఒక్కో రికార్డుకి 24 బదులు 16 బైట్లే కాపీ అవుతాయి.

వరుస మార్చడంతో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అవ్వలేదు. ఐ386లో ఆ స్ట్రక్చర్ మొత్తం అలైన్‌మెంట్ ఇంకా 4గానే ఉంది. రేపు ఎవరైనా ముందు ఒక యూ32 లెక్క పెట్టి, దాని వెనక ఈ రికార్డుల వరుస పెడితే ఐ386లో వరుస 4 దగ్గర, ఎక్స్86-64లో 8 దగ్గర మొదలవుతుంది. అదే రోగం ఒక మెట్టు పైన. అందుకే కెర్నెల్ యూఏపీఐ (యూజర్ ప్రోగ్రామ్‌లకి ఇచ్చే) హెడర్లలో ఉండే అలైన్డ్_యూ64 టైపు వాడాం, అది అన్నిచోట్లా 8 అడుగుతుంది.

సెట్టింగ్ స్ట్రక్చర్‌లో పాయింటర్‌ను కూడా అలైన్డ్_యూ64 చేశాం. గెయిన్, ఫ్లాగులు రెండింటినీ యూ32 చేసి, మొదట్లో సైజు ఫీల్డు ఒకటి చేర్చాం. ప్యాడింగ్ లేకుండా సరిగ్గా 40 బైట్లు వచ్చింది. ఇక్కడొక ఉచ్చు ఉంది. పాత నేటివ్ స్ట్రక్చర్ కూడా 40 బైట్లే! పాత కమాండ్ వరుస సంఖ్యనే వాడితే సైజు కూడా కలిసిపోయి రెండు కమాండ్లకీ నంబర్ ఒకటే అయ్యేది, పాత 64 బిట్ల టూల్ పంపే బైట్లను డ్రైవర్ కొత్త లేఔట్‌తో చదివేది. కొత్త వరుస సంఖ్య తీసుకున్నాం.

సైజు ఫీల్డు పెట్టింది 5.4 కెర్నెల్‌లో వచ్చిన కాపీ_స్ట్రక్ట్_ఫ్రమ్_యూజర్ ఫంక్షన్ కోసం. ప్రోగ్రామ్ పాతదై చిన్న స్ట్రక్చర్ పంపితే మిగతాది సున్నాగా నింపుతుంది. ప్రోగ్రామ్ కొత్తదై పెద్దది పంపితే, డ్రైవర్‌కి తెలియని చివరి బైట్లు అన్నీ సున్నాలైతేనే ఒప్పుకుంటుంది, లేకపోతే ఈ2బిగ్ ఎర్రర్. ఈ పద్ధతిలో కమాండ్ నంబర్‌ను సైజు బిట్లు తీసేసి పోల్చాలి, లేకపోతే స్ట్రక్చర్ పెరిగిన రోజున మళ్లీ 25 వస్తుంది. తెలియని ఫ్లాగ్ బిట్ వస్తే ఈఇన్వాల్, అంటే చెల్లని విలువ అనే ఎర్రర్. ఈ చివరిది కొందరికి అతి అనిపించింది. ఇప్పుడు చెత్త బిట్లను ఊరికే వదిలేస్తే, రేపు ఆ బిట్‌కి ఒక అర్థం ఇచ్చిన రోజున చెత్త పంపుతున్న పాత ప్రోగ్రామ్‌లన్నీ దాన్ని అడిగినట్టే అవుతుంది. కాబట్టి పట్టుబట్టాను.

రెండో వెర్షన్ పరీక్షల్లో చిన్న బఫర్లు అన్నీ పాస్ అయ్యాయి. అసలు సైజు బఫర్ ఇవ్వగానే ఎర్రర్ 14, ఈఫాల్ట్, అంటే చెల్లని చిరునామా. యూజర్ వైపు లైబ్రరీలో పాయింటర్‌ను నేరుగా యూ64కి కాస్ట్ చేశారు. 32 బిట్ల పాయింటర్‌ను తనకన్నా వెడల్పైన పూర్ణాంకంలోకి మార్చేటప్పుడు జీసీసీ సైన్ ఎక్స్‌టెన్షన్ చేస్తుంది. చిరునామా 2 జీబీ దాటితే పై 32 బిట్లూ ఒకట్లతో నిండిపోయి, కెర్నెల్‌కి అది యూజర్ చిరునామాలాగే కనిపించదు. చిన్న మాలక్‌లు హీప్‌లో 2 జీబీ కింద ఉంటాయి. పెద్దవి ఎమ్‌మ్యాప్ ద్వారా 4 జీబీ అంచు దగ్గర్లో పడతాయి, స్టాక్ కూడా అక్కడే. చిన్నవి పాసై పెద్దవి ఫెయిలవడం అందుకే. ముందు యూఇంట్‌పీటీఆర్_టీకి, ఆ తర్వాత యూ64కి మార్చాలి. కంపైలర్ దీని గురించి హెచ్చరిస్తుంది, ఆ లైబ్రరీ మేక్‌ఫైల్ హెచ్చరికలన్నిటినీ మూసేసి ఉంది.

మళ్లీ రాకుండా

హెడర్‌లోనే స్టాటిక్ అసర్ట్‌లు (కంపైల్ సమయంలోనే తప్పు పట్టే చెక్‌లు) పెట్టాం, సైజుకి ఒకటి, ప్రతి ఫీల్డు ఆఫ్‌సెట్‌కీ ఒకటి. సైజు మాత్రమే చూస్తే ఒకే వెడల్పున్న రెండు ఫీల్డులు తారుమారైనా తెలియదు. రెండో వెర్షన్ అంకెలు ఎక్కడైనా ఒకటే కాబట్టి అవి షరతుల్లేకుండా ఉంటాయి. పాత కంపాట్ రూపాలకి మాత్రం ఎక్స్86లో 28, ఆర్మ్‌లో 32 అని విడివిడిగా రాయాల్సి వచ్చింది. ఈ అసర్ట్‌లు డ్రైవర్ కంపైల్‌లోనే కాక యూజర్ ప్రోగ్రామ్ కంపైల్‌లోనూ నడుస్తాయి, అసలు ప్రయోజనం అక్కడే.

బిల్డ్ మెషీన్‌లో ఇంకో చిన్న పని పెట్టాం. ఆ హెడర్‌ను మాత్రమే చేర్చి ప్రతి స్ట్రక్చర్‌కీ ఒక వేరియబుల్ ప్రకటించే ఒక సీ ఫైలు. దాన్ని డీబగ్ సమాచారంతో ఐ386, ఎక్స్86-64, 32 బిట్ల ఆర్మ్, ఆర్మ్64 నాలుగింటికీ కంపైల్ చేసి, పహోల్ అనే టూల్‌తో లేఔట్లు ప్రింట్ చేయించి, ఒకదానితో ఒకటి డిఫ్ కొడతాం. నడిపే హార్డ్‌వేర్ అక్కర్లేదు, లింక్ చేయాల్సిన పని కూడా లేదు. రికార్డులోని ఖాళీని పహోల్ రంధ్రం అని పేరు పెట్టి మరీ చూపిస్తుంది. ఈ డిఫ్ మొదటి నుంచీ ఉండి ఉంటే ఈ మూడు లక్షణాల్లో ఒక్కటీ బయటి మెషీన్ దాకా వచ్చేది కాదు.

కెర్నెల్ ఎక్కువ బైట్లు రాస్తోందా అని చూడటానికి ఒక పరీక్ష. రెండు పేజీలు ఎమ్‌మ్యాప్ చేసి, రెండోదాన్ని ఎమ్‌ప్రొటెక్ట్‌తో తాకరానిదిగా చేసి, స్ట్రక్చర్‌ను మొదటి పేజీ చివరి బైటుకి ఆనించి పెడతాం. కెర్నెల్ ఒక్క బైటు ఎక్కువ రాయబోయినా ఈఫాల్ట్ వస్తుంది. పాత స్థితి కాల్ మీద దీన్ని నడిపితే మొదటిసారికే దొరికిపోయింది.

ఇదే కార్డుకి విండోస్ డ్రైవర్ కూడా ఉంది, అక్కడా చూడమన్నారు. రోగం వేరే రకం. మైక్రోసాఫ్ట్ కంపైలర్ 32 బిట్లలో కూడా 64 బిట్ల పూర్ణాంకాన్ని 8కే అలైన్ చేస్తుంది, లాంగ్ రెండింట్లోనూ 4 బైట్లే. కాబట్టి యూ64 జరగదు. అక్కడ కరిచేవి పాయింటర్లు, హ్యాండిళ్లు. డ్రైవర్ ఐఓఈజ్32బిట్‌ప్రాసెస్‌తో అడిగి వేరే స్ట్రక్చర్ వాడాలి. ఒక హెడర్‌లో ప్రాగ్మా ప్యాక్ 1 పెట్టి పాప్ చేయకుండా, అంటే పాత సెట్టింగ్‌కి తిరిగి తేకుండా వదిలేసింది దొరికింది. ఆ హెడర్ తర్వాత చేర్చిన ప్రతి హెడర్‌లోని స్ట్రక్చర్లూ ప్యాక్ అయిపోతాయి, చేర్చే వరుస మారితే లేఔట్ మారిపోతుంది. పాప్ చేర్చి, ఆఫ్‌సెట్ అసర్ట్‌లు అక్కడికీ తీసుకెళ్లాం.

లినక్స్ డ్రైవర్‌లో మొదటి వెర్షన్ దారి ఇప్పటికీ ఉంది. 32 బిట్ల ప్రోగ్రామ్ పాత కమాండ్ వాడిన ప్రతిసారీ కాకుండా, ప్రాసెస్‌కి ఒకసారి చొప్పున, దాని పేరుతో ఒక సమాచార లైన్ కెర్నెల్ లాగ్‌లో పడేలా చేశాం. కొలతల ప్రోగ్రామ్ రెండో వెర్షన్‌కి మారిపోయింది. లాగ్‌లో ఇంకా కనిపిస్తున్న పేర్లలో ఎవరికీ గుర్తులేని ఒక పాత లాగింగ్ ప్రోగ్రామ్ ఉంది, దాని బైనరీని ఎవరు కంపైల్ చేశారో వెతుకుతున్నారు. అది తేలేదాకా కంపాట్ కోడ్‌ను తీసేయొద్దని చెప్పి వచ్చాను.